డబ్బాలో మిగిలిన లేబుళ్లు

1992 ఆగస్టు పదమూడు, గురువారం. ఆ పొద్దున భూషణం తిన్నది ఉప్పుడుపిండి. పక్కింటి కౌసల్యమ్మ బియ్యపు రవ్వలో పెసరపప్పు, నువ్వులు వేసి వండి, గోడ మీదుగా గిన్నె అందించి, ఆయన నోరు తెరిచేలోపే లోపలికి వెళ్లిపోయింది. భార్య పోయినప్పటినుంచి గురువారాలు ఇలాగే గడుస్తున్నాయి. గిన్నె వస్తుంది, కడిగిన గిన్నె వెళ్తుంది. ఆ సంగతి ఇద్దరూ ఎన్నడూ మాట్లాడుకోరు.

సగం తిన్నాడో లేదో, "బి. భూషణం, బి.ఎస్సీ., అపరాధ పరిశోధకుడు" అన్న బోర్డు కింద హన్మయ్య వచ్చి నిలబడ్డాడు. నాచారంలో లేత్ మిషన్ మీద పనిచేసే మనిషి. కూర్చోమంటే కూర్చోలేదు. తన భార్య వెంకటనర్సమ్మను నిన్న పొద్దున పోలీసులు తీసుకుపోయారని, అరెస్టు ఇవాళే చేసినట్టు రాసుకుని రేపు కోర్టుకు తీసుకెళ్లి రిమాండుకు పంపుతారని, ఆ తరువాత పంద్రాగస్టు, ఆదివారం కలిసి రావడంతో సోమవారం దాకా అడిగే నాథుడు ఉండడని గబగబా చెప్పేశాడు. అది విన్నాక భూషణం మిగతా సగం పక్కన పెట్టి లేచాడు.

కేసు వివరాలు అప్పటికే పేపర్లో వచ్చాయి. నాచారం ఫ్యాక్టరీల్లో ఒకటైన సుధాంబు ఇన్‌ఫ్యూజన్స్ సెలైన్ సీసాలు తయారు చేస్తుంది. మంగళవారం చీకటి పడ్డాక ఆ కంపెనీ నుంచి మేడిపల్లిలోని ఒక నర్సింగ్‌హోముకు సీసాలు వెళ్లాయి. అవి ఎక్కించిన ముగ్గురికి ఆ రాత్రే చలిజ్వరం పట్టుకుంది. ఇద్దరు తట్టుకున్నారు. కొమురెల్లి అనే మేస్త్రీ, వాంతులు తగ్గి తెల్లారి ఇంటికి పోవలసినవాడు, తెల్లవారకముందే పోయాడు. ఆ సీసాల మీద నలభై ఏడో బ్యాచి అని లేబుల్ ఉంది. కంపెనీలో ఆ బ్యాచి ఇంకా తయారే కాలేదు. నలకలున్నాయని పక్కన పడేసిన నలభై ఒకటో బ్యాచి సీసాలకే ఎవరో కొత్త లేబుల్ అంటించి బయటికి పంపారు. ఆ కంపెనీలో ప్రింటర్ మీద లేబుళ్లు కొట్టేది వెంకటనర్సమ్మ. కాబట్టి దొంగ వెంకటనర్సమ్మే. ఇంతకంటే తేలికైన లెక్క ఎవరికి మాత్రం చేదు?

పోలీస్ స్టేషన్‌కు ఆమెను చూడటానికి వెళ్లగానే భూషణం ముందుగా గమనించింది టేబుల్ ఫ్యానును. హెడ్ కానిస్టేబుల్ శాంతాబాయి తన బల్ల మీది ఫ్యానును ఆడవాళ్ల గది వైపు తిప్పి పెట్టి, తను విసనకర్రతో విసురుకుంటోంది. ఎవరూ చెప్పకుండా చేసిన పని అది. ఆయన దాన్ని మనసులో దాచుకున్నాడు.

వెంకటనర్సమ్మ ఏడవలేదు. ఆమె కళ్లల్లో ఉన్నది మంట.

"జైలంటే నాకు ఫికర్ లేదు సార్. గాని మనిషిని జంపిన్నంటున్నరు. గది నా మీద ఎట్లేస్తరు? పొద్దుగాలొస్తే ఆ గదికి అప్పటికే మేనేజర్ సారు తాళమేసి ఉంచిండు. లోపలికి అడుగే పెట్టనియ్యలే, గేటు కాడికెల్లే జీపెక్కించిన్రు."

భూషణం ఆమెను నిందితురాలిలా అడగలేదు, అలా అని వదిలిపెట్టనూ లేదు. రోజూ సాయంత్రం పని ముగించేటప్పుడు వరుసగా ఏమేం చేస్తావో చెప్పమన్నాడు. ఆమె వేళ్లు మడుస్తూ చెప్పింది. ఆఖరి లేబుల్ రాగానే కంప్యూటర్, ఆ వెనక ప్రింటర్ బంద్ చేస్తుంది. రెండింటి మధ్యన ఒక చిన్న రేకు డబ్బా ఉంటుంది, దానికి వేరే ప్లగ్గు. అది కాలుతూ ఉంటుందని ఆమెకు భయం. ఉప్పల్‌లో దాన్ని తయారుచేసిన ఉమాపతి సారు ఏమీ కాదని చెప్పినా వినదు. రోజూ ప్లగ్గు పీకి ప్రింటర్ మీద పెట్టి పోతుంది. ఫ్యాక్టరీ అంతా ఆమెను చూసి నవ్వుతారు. లేబుళ్ల చుట్టలు బీరువాలో పెట్టి తాళం వేసుకుంటుంది. ఆ తాళంచెవి కొంగున ఉండేది, ఇప్పుడు పోలీసుల దగ్గరుంది.

"ఒక బ్యాచికి కొట్టిన లేబుళ్లు మిగిలితేనో?"

"మిగుల్తయి సార్. మిగిలినయి మూల కత్తిరిస్త, మల్ల ఎవరూ అంటియ్యకుంట. కట్టగట్టి మేనేజర్ రామ్మోహనరావు సారు చేతికిస్త. ఆయన కాలబెట్టాలె. సోమవారం నాడే నలభయ్యో బ్యాచివి ఇంత పెద్ద కట్ట ఇచ్చిన. సెక్యూరిటీ కనకరాజు సారు గూడ ఆడనే ఉన్నడు. మూలలు కత్తిరించుడు నీకో పిచ్చి అని నవ్విండు."

ప్లగ్గు పీకే పిచ్చి, తాళం వేసే పిచ్చి, మూల కత్తిరించే పిచ్చి. ఇంత జాగ్రత్త గల మనిషి చేతిలో సీసా పెట్టి, నువ్వే చంపావంటున్నారు. భూషణం స్వభావతః మెత్తని మనిషి. బస్సులో కాలు తొక్కినవాడికి కూడా తనే సారీ చెప్పే రకం. అలాంటివాడు ఇన్‌స్పెక్టర్ బసవరాజు గదిలోకి వెళ్లి కుర్చీ లాక్కోకుండానే మాట్లాడాడు. సాయంత్రం నాలుగింటికి ఆమె తాళంచెవులు పట్టుకుని ఫ్యాక్టరీకి రమ్మన్నాడు. ఆ తరువాత కూడా ఆమే దొంగని తోస్తే రేపు నిరభ్యంతరంగా కోర్టుకు తీసుకెళ్లమన్నాడు. బసవరాజు ఆయన ముఖం చూసి, వస్తానన్నాడు.

అక్కణ్నుంచి లూనా మీద ఉప్పల్.

ఉమాపతి ఒక ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థలో ఇంజినీరుగా చేసి రిటైరై, ఇంటి వెనక రేకుల షెడ్డులో ఇలాంటి డబ్బాలు తయారు చేస్తుంటాడు. కంపెనీలన్నీ కొత్త కంప్యూటర్లు కొన్నాయి గానీ, లక్షలు పోసిన పాత ప్రింటర్లను పారేయలేకపోయాయి. ఆ పాతవాటికి కొత్తవాటి భాష రాదు.

"కొత్త కంప్యూటరు ఎనిమిది తీగల మీద ఎనిమిది ముక్కల్ని పక్కపక్కనే ఒకేసారి పంపిస్తుందండీ," అన్నాడు ఉమాపతి. "దీన్ని ప్యారలల్ అంటాం. పాత ప్రింటరుది సీరియల్. ఒకే తీగ, ఒకదాని వెనక ఒకటి రావాలి. ఉప్పల్ స్టాపులో జనం గుంపుగా ఉరికొస్తారు చూడండి, బస్సుకేమో డోరు ఒక్కటే. నా డబ్బా ఆ డోరు దగ్గర కండక్టరు. వరసలో నిలబెట్టి ఒక్కొక్కళ్లనే ఎక్కిస్తుంది."

"బస్సు నిండిపోతే?"

"మిగిలినవాళ్లు డబ్బాలోనే నిలబడి ఉంటారు. అందులో మెమొరీ పెట్టానండీ. ఆ పాత ప్రింటరు మహా నిదానం కదా. కంప్యూటరు గబగబా అంతా డబ్బాలో పోసేసి, నా పని అయిపోయిందంటుంది. ప్రింటరు తాపీగా తీసుకుంటుంది."

భూషణం లేచి నిలబడ్డాడు. ప్రింటర్లో కాగితం అయిపోయి, కంప్యూటరూ ప్రింటరూ రెండూ ఆపేస్తే ఆ మిగిలినవి ఏమవుతాయని అడిగాడు.

"డబ్బా ప్లగ్గు ఉన్నంతసేపూ అలాగే ఉంటాయి. పీకేస్తే పోతాయి." ఉమాపతి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "నర్సమ్మగారు రోజూ పీకేస్తుంది లెండి. ఎన్నిసార్లు చెప్పినా వినదు."

నర్సమ్మ పీకేస్తుంది. మంగళవారం ఆమె వెళ్లాక ఎవరైనా వచ్చి కొడితే, వాళ్లకు ఆ అలవాటు లేదు. బుధవారం ఆమె రాకముందే గదికి తాళం పడింది. భూషణం ఉమాపతిని లూనా వెనక కూర్చోబెట్టుకుని నాచారం వైపు తిప్పాడు. ఆ బండి మీద ఆయన అంత వేగంగా పోవడం అదే మొదలు.

లేబుళ్ల గది తలుపు అప్పటికే తీసి ఉంది. లోపల మేనేజర్ రామ్మోహనరావు, కనకరాజు ఉన్నారు. కనకరాజు ఒకప్పుడు పోలీసు డిపార్ట్‌మెంటులో చేసి, ఇప్పుడు ఫ్యాక్టరీలకు కాపలాదార్లను పెట్టి, పనిలో పనిగా పరిశోధనలు కూడా చేసే మనిషి. ఈ కేసు తేల్చింది తనేనని పేపర్లో ఫొటో కూడా వేయించుకున్నాడు. కంప్యూటర్‌ను అట్టపెట్టెలో సర్దేశారు. ప్రింటర్ వంతు రాబోతోంది. బల్ల అంచున ఆ రేకు డబ్బా మీద ఎర్రదీపం వెలుగుతోంది.

ప్లగ్గు బోర్డులోనే ఉంది.

"రా అన్నా, రా," అన్నాడు కనకరాజు. "లూనా డిటెక్టివ్ వచ్చిండు. జర ఆల్సెమైంది. కేసు నిన్ననే అయిపోయింది."

ఆ మాట అంటూనే ప్లగ్గు మీద చెయ్యి వేశాడు.

"ఆ చెయ్యి తియ్యి," అన్నాడు భూషణం.

గొంతు పెంచలేదు. కానీ వెనక ఉన్న ఉమాపతి ఉలిక్కిపడ్డాడు. కనకరాజు నవ్వాడు. కంపెనీ సామాను కంపెనీ సర్దుకుంటుంది, నడుమ నీకేందన్నాడు. నీకు ఫీజిచ్చేది లేత్ పనివాడు, వాడు ఎన్ని నట్లు బోల్టులిస్తుండని అడిగాడు. భూషణం జవాబివ్వకుండా వెళ్లి ప్లగ్గుకూ అతనికీ మధ్యన నిలబడ్డాడు. తోసేస్తే పడిపోయేంత బక్కపలచని మనిషి. కనకరాజు ఆయన భుజం పట్టుకున్నాడు. అదే క్షణంలో గుమ్మంలో బూట్ల చప్పుడయింది.

"మధ్యాహ్నం మూడింటికే సామాను సర్దుతున్నరేంది?" అన్నాడు బసవరాజు. "నాలుగింటికి నేనొస్తున్నట్టు ఫోన్ చేసి చెప్పిన గద. అందుకేనా? మంచిగనే గంట ముందొచ్చిన."

భుజం మీది చెయ్యి జారిపోయింది.

గది ఎప్పుడైనా కరెంటు లేకుండా ఉందా అని భూషణం ముందుగా అడిగాడు. పక్కన మందులు పెట్టే చల్లగది ఉందని, ఈ లైనుకు కరెంటు పోదని రామ్మోహనరావు చెప్పాడు. చెప్పాక ఎందుకడిగారో అర్థంకాక ఇద్దరి ముఖాలూ చూశాడు. అప్పుడు భూషణం ఇన్‌స్పెక్టర్ చేతుల మీదుగానే వెంకటనర్సమ్మ తాళంచెవితో బీరువా తెరిపించాడు. లేబుళ్ల చుట్టలు కొత్తవి, పేర్చినవి పేర్చినట్టే ఉన్నాయి. ప్రింటర్ మూత ఎత్తించాడు. లోపల చుట్ట అయిపోయి ఉత్త అట్టగొట్టం మిగిలింది.

ఉమాపతి బీరువాలోంచి ఒక కొత్త చుట్ట తీసి ప్రింటర్‌కు ఎక్కించాడు. కంప్యూటర్ అట్టపెట్టెలోనే ఉంది, దాని తీగ నేల మీద వేలాడుతోంది. ప్రింటర్ స్విచ్ వేసి, ముందున్న ఆన్‌లైన్ బొత్తాం నొక్కాడు.

ఒక్క క్షణం ఏమీ లేదు. కనకరాజు నోటితో చప్పుడు చేశాడు. అంతలో ప్రింటర్ గరగరమంది. అచ్చు కొట్టే తల అటూ ఇటూ పరిగెత్తింది. ఒక లేబుల్ బయటికొచ్చింది, దాని వెనక ఇంకొకటి, ఇంకొకటి. అన్నిటి మీదా ఒకటే అంకె, నలభై ఏడు. చెప్పేవాళ్లెవరూ లేకుండానే ఆ పాత యంత్రం ఆగకుండా కొడుతూ పోయింది. లేబుళ్ల పట్టీ బల్ల మీంచి జారి, నేల మీద చుట్టలు చుట్టుకుంటూ రామ్మోహనరావు బూట్లను తాకింది. ఆయన కాళ్లు వెనక్కి తీసుకున్నాడు.

"చూశారా, ఆవిడే కొట్టింది. అందులోనే ఉన్నాయి కదా," అన్నాడు రామ్మోహనరావు.

భూషణం అప్పటిదాకా అణచుకున్నదంతా ఆ మాటతో తెగింది.

"ఆవిడా? కాగితం అయిపోతే ఆవిడ ఏం చేస్తుందండీ? చెయ్యి చాపితే బీరువా, కొంగున తాళంచెవి. కొత్త చుట్ట వేసి మిగతావి కొట్టుకుంటుంది. కాగితం అయిపోయి ఆగిపోయినవాడు బీరువా తాళం లేనివాడు. కంప్యూటర్ ఆపేస్తే అంతా చెరిగిపోయిందనుకున్నవాడు ఈ డబ్బాలో మెమొరీ ఉన్న సంగతి తెలియనివాడు. ప్లగ్గు ఉంచేసి పోయినవాడు ఆవిడను చూసి నవ్వినవాడు. బుధవారం ఆవిడ రాకముందే తాళం ఎవరు వేశారు? మీరు. ఆవిడ లోపలికి వచ్చి ప్రింటర్‌లో కొత్త చుట్ట వేసి ఉంటే అప్పుడే ఇవన్నీ బయటపడేవి. మీ తాళమే ఇవాళ్టి దాకా వీటిని కాపాడింది. అక్కడ ఒక మేస్త్రీ చచ్చిపోయాడు. ఇక్కడ మీరు సంపాదించుకునేదానికి అడ్డు రాకుండా ఉండటానికి, ఈ ఫ్యాక్టరీలో తన పని తాను సరిగ్గా చేసే ఒక్క మనిషిని తీసుకెళ్లి లాకప్పులో పెట్టించారు. సిగ్గుండాలి."

బసవరాజు మెల్లగా టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. ఫోన్ అందుకుని స్టేషన్‌కు చేసి, వెంకటనర్సమ్మను ఇంటికి పంపే ఏర్పాటు చూడమన్నాడు.

భూషణం నేల మీది పట్టీనే చూస్తున్నాడు. కోపం చల్లారేకొద్దీ దాని స్థానంలో ఇంకేదో పాకుతోంది. ఇన్ని లేబుళ్లు డబ్బాలోనే ఉండిపోయాయంటే, అన్ని సీసాలకు నలభై ఏడు అంటించలేదన్నమాట. పారేయవలసిన సీసాలు పెట్టి తాళం వేసే ఇనుప జాలీ బోను చూపించమన్నాడు. బోను ఖాళీ. అన్నీ పగలగొట్టించామన్నాడు రామ్మోహనరావు. పగిలిన గాజు ఎక్కడని అడిగితే కనకరాజు వైపు చూశాడు.

మరి ఆ మిగతా సీసాలు ఏ లేబుల్ కట్టుకుని పోయాయి?

వెంకటనర్సమ్మ అన్న మాట గుర్తొచ్చింది: మూల కత్తిరిస్త సార్. కట్టగట్టి సారు చేతికిస్త.

భూషణం పరుగున వెళ్లి మేనేజర్ గదిలోంచి మేడిపల్లి నర్సింగ్‌హోముకు ఫోన్ చేశాడు. మూడోసారి తిప్పితే గానీ లైను దొరకలేదు. ఎత్తింది త్రిపురసుందరి అనే నర్సు. నలభై ఏడో బ్యాచి సీసాలన్నీ పోలీసులు పట్టుకెళ్లారని, మిగిలినవి నలభయ్యో బ్యాచివని, అవి మంచివే కాబట్టి వాడుకోమని డాక్టరు గారు చెప్పారని అంది.

"సిస్టర్, ఆ నలభయ్యో బ్యాచి సీసాల మీద లేబుల్ మూల తెగి ఉందా?"

"ఆ, కొన్నిటికి తెగే ఉంది. ఇప్పుడే ఒక పెద్దమ్మకు పెట్టిన."

"ఆపండి. ముందు వెళ్లి ఆపి రండి."

రిసీవర్ బల్ల మీద పెట్టిన చప్పుడు. చెప్పులు దూరమయ్యాయి. ఎక్కడో ఒక మంచం కిర్రుమంది. భూషణం కళ్లు మూసుకుని నిలబడ్డాడు. చెప్పులు మళ్లీ దగ్గరయ్యాయి.

"ఆపిన సార్. ట్యూబులో గాలి తీస్తున్న, ఇంకా సూది కలపలే. అమ్మకు ఒక్క చుక్క గూడ పోలేదు." ఆమె ఊపిరి తీసుకుంది. "సూత్తుంటె నాకెందుకో మనసొప్పక నిదానం జేసిన. పొద్దున మీ లెక్కనే ఒకాయనొచ్చి, మూల తెగిన సీసాలు మాత్రం వాపసియ్యమన్నడు. డాక్టరు గారు లేరు, ఆయన చెప్పనిది ఇయ్యనన్న. మస్తు గరమైండు."

"ఎవరు?"

"పేపర్ల ఫొటో వచ్చింది గద సార్. గాయననే. కనకరాజు."

మూల తెగిన సీసాలు బయటికి పోయాయని ఈ పొద్దున లోకంలో ఎవరికీ తెలియదు, అంటించినవాళ్లకు తప్ప. భూషణం రిసీవర్ పెట్టి లేబుళ్ల గదిలోకి వచ్చాడు. రామ్మోహనరావు బల్ల పట్టుకుని నిలబడి ఉన్నాడు. బసవరాజు ఇంకా బోను దగ్గరే ఉన్నాడు, కనకరాజు లేడు. బయట జీపు స్టార్టయిన చప్పుడు తను ఫోన్‌లో ఉండగా విన్నట్టే ఉంది.

సోమవారం నాడు ఆ కట్ట ఎవరి చేతికిచ్చిందో, ఎవరి ఎదుట ఇచ్చిందో చెప్పగలిగింది ఒకే ఒక్క మనిషి. ఆ మనిషిని వదిలిపెట్టమని ఇన్‌స్పెక్టర్ ఫోన్‌లో చెప్తుంటే కనకరాజు పక్కనే నిలబడి విన్నాడు.

భూషణం మళ్లీ ఫోన్ తిప్పాడు. శాంతాబాయి ఎత్తి, గొంతు తగ్గించి మాట్లాడింది.

"ఇప్పుడే వచ్చిండు సార్. ఇంటికాడ దింపుతనని జీపు తెచ్చిండు. మా ఇన్‌స్పెక్టర్ సారు ఇడవమన్నరని మాకంటె ముందుగాల ఆయననే చెప్పవట్టె."

"పంపకమ్మా."

"నేనెందుకు పంపుత? సంతకం పెట్టే సారు రావాలె, అందాక ఛాయ్ తాగుండ్రి అన్న. ఛాయ్ తేనీకి మాత్రం ఎవ్వర్నీ పంపలే."

బసవరాజు రామ్మోహనరావును వెంట తెచ్చిన కానిస్టేబుల్‌కు అప్పగించి, భూషణాన్ని జీపెక్కించుకున్నాడు. వాళ్లు చేరేసరికి బెంచీ ఖాళీగా ఉంది. ఎదురుచూసి ఎదురుచూసి, ఏదో వాసన తగిలినవాడిలా లేచి వెళ్లిపోయాడని శాంతాబాయి చెప్పింది. ఎటు వెళ్లాడో ఎవరూ చూడలేదు. కనకరాజుకు వెంకటనర్సమ్మ ఇల్లు తెలుసు. సందు కూడా తెలుసు.

చీకటి పడుతుండగా హన్మయ్య టిఫిన్ క్యారియర్‌తో వచ్చాడు. విషయం ఆయనకు భూషణమే చెప్పాడు, ఆమెకు చెప్పడానికి మాత్రం బసవరాజు తనే లేచాడు. నిన్న పొరపాటయిందని, కనకరాజు దొరికేదాకా ఈ రాత్రికి ఇక్కడే ఉండటం మంచిదని నేల చూపులు చూస్తూ చెప్పాడు.

వెంకటనర్సమ్మ టిఫిన్ క్యారియర్‌ను పక్కకు జరిపింది.

"తప్పు చేసిన్నన్నప్పుడు ఈడనే పండిన," అంది. "చెయ్యలేదని తేలినంక గూడ ఈడనే పండాలెనా సార్? చేసినోడు బయట జీపుల తిరుగుతుండు."

ఆ ప్రశ్నకు జవాబు రేపు తెల్లారేలోపు తెచ్చివ్వాలని భూషణం అనుకున్నాడు. మూల తెగిన సీసాలు ఇంకెన్ని చోట్లకు పోయాయో కూడా రేపే తేలాలి. బసవరాజు ఆస్పత్రులకు ఒక్కొక్కటికే ఫోన్ చేయడం మొదలుపెట్టాడు.

శాంతాబాయి కొత్త చాప పరిచింది. ఫ్యాను గుమ్మం దగ్గరికి జరిపింది. నిన్న తలుపుకు బయట వేసిన తాళం తీసుకొచ్చి, చెవితో సహా వెంకటనర్సమ్మ చేతిలో పెట్టింది.

"ఇయ్యాల ఇది నీ దగ్గరనే ఉండనియ్యి చెల్లె. లోపల్నుంచి గడియ ఏసుకో. నేను పిలిస్తేనే తియ్యి."

వెంకటనర్సమ్మ తాళంచెవిని కొంగున ముడేసుకుంది. హన్మయ్య బయట బెంచీ మీద కాళ్లు ముడుచుకుని కూర్చున్నాడు. ఆమె అతని వైపు ఒకసారి, భూషణం వైపు ఒకసారి చూసి, చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి వేసి, లోపలినుంచి గడియ పెట్టుకుంది.